మంచె మీది మనిషిని కూడా కలిపే లెక్క

చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో పోడు పంట చేతికొచ్చే రోజుల్లో రాత్రి కాపలా మంచె మీదే. ఇంట్లో దోమతెర ఉంటుంది, మంచె మీద ఉండదు. దిగువన వాగు అంచుల్లో మెల్లగా పారే నీళ్లే దోమల పుట్టిల్లు. పెద్దవాళ్లు మన్యం జ్వరమన్న మలేరియా అక్కడే కాచుకుని ఉంటుంది. ఇలా మంచె మీద రాత్రి గడిపే మనిషిని కూడా విడిగా లెక్కలోకి తీసుకోగల కంప్యూటర్ నమూనాలు ఇప్పుడున్నాయి. వాటి మూలాలు వెతికితే మన సికింద్రాబాద్‌లోనే తేలతాం.

1897 ఆగస్టు 20న వైద్యుడు రోనాల్డ్ రాస్ అక్కడ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశారు. ఆ పరీక్ష కోసం హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నారు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. దోమలను అదుపు చేస్తే మలేరియా ఆగుతుందని ఆయన అంటే, దోమలన్నిటినీ చంపడం అయ్యే పనేనా అని చాలామంది పెదవి విరిచారు. రాస్ జవాబును గణితంలో వెతికారు. 1908 నాటి మారిషస్ నివేదికలో మొదలుపెట్టి, 1911లో సమీకరణాలుగా తీర్చిదిద్దారు. దోమలన్నీ చావనక్కర్లేదు, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, జబ్బు దానంతటదే అణగిపోతుందని తేల్చారు.

1950లలో మలేరియా పరిశోధకుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ ఇంకో ముడి విప్పారు. దోమ ఒంట్లో క్రిమి ఎదగడానికి సుమారు పది రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆలోపే దోమ చస్తే జ్వరం ముందుకు పాకదు. ఇంటి గోడలకు దోమల మందు కొట్టడంలోని బలం ఇదే.

అయితే ఆ సమీకరణాల్లో ఊరంతా ఒకే ముద్ద. తెర కింది మనిషికీ మంచె మీది మనిషికీ ఒకటే సగటు. ముద్దను విడదీసే దారి వేరే వైపు నుంచి వచ్చింది. 1971లో ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ గళ్ల బల్ల మీద ఊరిని పేర్చి చూశారు. పక్కన తనవాళ్లు కొందరుంటే చాలనుకుని ఒక్కొక్కరూ జరిగినా, చివరికి ఊరు వేరు వేరు గుంపులుగా విడిపోయింది. అలా విడిపోవాలని ఎవరూ కోరుకోలేదు. ఊరి తీరు తెలియాలంటే మనుషులను ఒక్కొక్కరిగా నడిపించి చూడాలన్నది అక్కడి పాఠం.

2006లో స్విస్ ట్రాపికల్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మలేరియాకు అలాంటి నమూనానే ప్రచురించారు. అందులో ప్రతి మనిషికీ సొంత వయసు, పాత జ్వరాల చరిత్ర, వాటివల్ల వచ్చిన రోగనిరోధక శక్తి ఉంటాయి.

ఎంత గొప్ప నమూనాకైనా మంచె సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ సంగతి తెలిసేది గూడెం గూడెం తిరిగి, వేలికొసన రక్తపు చుక్క తీసే ఆశా కార్యకర్తకే. "రాత్రి ఎక్కడ పడుకున్నావన్నా?" అని ఆమె అడిగే మాటతోనే అసలు లెక్క మొదలవుతుంది.