కోటలోని కోవెల

కర్నూలుకు ఎగువన, సుంకేశుల ఆనకట్టకు ఉత్తరపుటొడ్డున రాజోలి యున్నది. నేతపనికి పేరుపడిన ఆ యూరిలో, తుంగభద్ర గట్టుననే శిథిలమైన పాతకోట యొకటియు, ఆ కోటలోపల వైకుంఠ నారాయణస్వామికిని, ఈశ్వరునకును గుడులును కలవు. బురుజులు కూలుచున్నను గుడులలో దీపము వెలుగుచునే యున్నది. ఊరినడుమనో, కొండకొనననో, ఏటిరేవుననో వెలయవలసిన దేవుడు దొర కోటగోడల లోపలికేల వచ్చెను? వచ్చిన దేవుని కట్టడమున ఆ రాక యేమి మార్పు తెచ్చెను? ఈ ప్రశ్నలకు సమాధానము నడిగడ్డలోనే, కృష్ణా తుంగభద్రల నడుమనే, చాలవరకు దొరకును.

నడిగడ్డ తొలినాటి గుడులు దొరల యిండ్లకు సంబంధించినవి కావు. రాజోలికి దిగువన అలంపురములో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో నవబ్రహ్మాలయములు వెలయించిరి. వారి రాజధాని బాదామి యెక్కడ, అలంపురమెక్కడ! అవి తీర్థయాత్రికులను, నదీస్నానమును, శైవాచార్యులను మనసున నుంచుకొని కట్టిన గుడులే గాని, రాజు నిద్రలేచి నాలుగడుగులు వేసి దర్శించుకొనుటకు కట్టినవి కావు.

అట్టి గుడిని చూడవలెనన్న అదే తుంగభద్రకు ఎదురేగి హంపీకి పోవలెను. అచ్చట విరూపాక్షుడు లోకమందరివాడు. హజార రాముడు మాత్రము రాజప్రాసాద ప్రాంగణముల నడుమ నిలిచినవాడు. 15వ శతాబ్ది ఆరంభమున, విజయనగర ప్రభువగు మొదటి దేవరాయల కాలమున, రాజకుటుంబపు పూజలకై వెలసినదని పండితులు తలచు ఈ కోవెల, విస్తీర్ణమున చిన్నదియే యైనను, శిల్పమున మిక్కిలి శ్రద్ధతో తీర్చబడినది. ప్రాకారపు వెలుపలి గోడమీద ఏనుగులు, గుఱ్ఱములు, కాల్బలము, నాట్యకత్తెలు వరుసలు వరుసలుగా సాగిపోవుచుందురు. లోపల గుడిగోడలమీద రామకథ చిత్రమాలికయై చుట్టుకొని వచ్చును. మంటపములో నున్నగా మెఱుగుపెట్టిన నల్లరాతి స్తంభములు నాలుగు నిలిచియుండును. వెలుపల రాజ్యవైభవము, లోపల ఆదర్శరాజు చరిత్ర: రాజు దేనిని దాటి దేనిని చేరవలెనో శిల్పి గోడలమీదనే వ్రాసిపెట్టినాడని నా తలంపు.

1565 నాటి యుద్ధముతో విజయనగరము కూలినది గాని, రాజులు దేవుని తమ ఆవరణలో నిలుపుకొను మర్యాద కూలలేదు. చిన్న చిన్న సంస్థానాధీశులు తమ తమ శక్తికొలది దానిని అందిపుచ్చుకొనిరి. 17, 18 శతాబ్దుల సంధికాలమున ముష్టిపల్లి వంశజుడగు సోమనాద్రి, పెద సోమభూపాలుడని ప్రసిద్ధుడు, గద్వాలలో కోట కట్టి, దానిలో తన యిలవేల్పగు చెన్నకేశవస్వామిని ప్రతిష్ఠించెను. ఇచ్చట నిలిచి చూడదగినది ఒకటి కలదు. గద్వాల కోట మట్టికోట. తనను కాపాడు గోడకు మట్టి చాలుననుకొన్న దొర, దేవుని యింటికి మాత్రము రాయి తెప్పించినాడు. వానలకు, ఏమఱుపాటుకు మట్టిగోడ జారుచుండగా రాతిగుడి నిలిచియుండుట యందు దైవమహిమ యెంతయో భక్తులు చెప్పుదురు గాక; పదార్థముల యెంపికకును అందు పాలు లేకపోలేదు.

కోటలోని గుడియే యైనను, దాని యంగములలో ఏదియు తగ్గదు: గాలిగోపురము, ధ్వజస్తంభము, మంటపము, గర్భగృహము అన్నియు వరుసగా నుండును. ఇచ్చట వాస్తువునకు ఒక చిక్కు కలిగినది. మూలవిరాట్టు గర్భగుడిలో కదలకుండ నుండవచ్చును గాని, ఉత్సవమూర్తి పల్లకి యెక్కి వీథులలో తిరుగవలసినదే. బ్రహ్మోత్సవమున జనము రావలసినదే. కావున దేవుని లోపల నుంచుకొన్న దొర, ఏడాదికి కొన్నాళ్లయినను తన కోటవాకిలి ఊరివారికి బార్లా తెఱచిపెట్టక తప్పదు. శత్రువును ఆపుటకు కట్టిన ద్వారము భక్తుని ఆపరాదు. సంస్థానపు కోటగుడులను పరిశీలించువారు శిల్పముకంటె ముందుగా ఈ త్రోవను చూడవలెనని నేననుకొందును.

ఇంగ్లండు దేశపు భూస్వాములకును ఇట్టి ముచ్చట లేకపోలేదు. విక్టోరియా రాణి కాలమున వారు తమ పల్లెసీమ భవనముల కంటుకొని సొంత ప్రార్థనామందిరములు కట్టించిరి. వానిలో బ్రిస్టలు చెంత టైంట్స్‌ఫీల్డునందలిది ప్రసిద్ధము. పెరూ దేశపు పక్షిరెట్టను ఎరువుగా తెచ్చి యమ్మి కోట్లకు పడగెత్తిన విలియం గిబ్స్ అను వర్తకుడు, ఆర్థర్ బ్లోంఫీల్డు అను వాస్తుశిల్పిచేత 1873-75 లలో దానిని కట్టించెను. పారిసులో తొమ్మిదవ లూయీ రాజు 13వ శతాబ్దిలో కట్టించిన సేంట్ షపెల్ దానికి ఒరవడి: పొడవైన సన్నని గది, కోణములుగా మలగిన తూర్పుకొన, రంగుటద్దముల కిటికీలు, నేలమీద చిత్రవర్ణపు పలకలు. తన యెముకలకు చోటుగా గిబ్సు దాని క్రింద నేలమాళిగయు త్రవ్వించెను. ఊరి చర్చికి దక్కవలసిన జనమును ఈ క్రొత్తమందిరము లాగుకొనునని అక్కడివారు అభ్యంతరపెట్టగా, దానికి మతవిధి ప్రకారము ప్రతిష్ఠయే జరుగలేదు. 1875 లో మరణించిన గిబ్సును వేఱొకచోటనే పాతిపెట్టిరి. రెట్టతో గడించిన ధనము రంగుటద్దములైనది గాని సమాధి కాలేకపోయినది! మన కోటగుడికి ఊరివారు రావలెనను నిర్బంధము. అచ్చటి మందిరమునకు ఊరివారెక్కడ వత్తురోయను భయము. ఒకే కోరిక రెండు దేశములలో రెండు విధముల వాకిళ్లు పెట్టించినది.

సంస్థానాధీశులందఱును గద్వాల త్రోవనే నడచిరనరాదు. వనపర్తి ప్రభువులు రంగనాయకస్వామిని తమ కోటలో నుంచక, రంగసముద్రమను చెఱువు చేరువ శ్రీరంగాపురములో వెలయించిరి. జటప్రోలు సురభివారి మదనగోపాలుని కథ మఱియొక తీరు: శ్రీశైలము ప్రాజెక్టు నీరు ముంచుకొని రాగా, ఆ గుడిని రాయి రాయి విప్పి వేఱొకచోట పేర్చి నిలిపిరి. దొరతనము పోయిన తరువాత గుడిని ఎత్తి దాచుకొనుటకు ప్రభుత్వము పూనుకొన్నదన్నమాట.

ఈ సంస్థానములు లోబడియుండిన హైదరాబాదు రాజ్యమున 1949 లో జాగీర్లు రద్దయినవి. సంస్థానములును చరిత్రలో కలిసినవి. వనపర్తి రాజప్రాసాదములో 1959 లో పాలిటెక్నిక్ వెలసినది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర కళాశాల నడచుచున్నది. చెన్నకేశవుడు మాత్రము ఇల్లు మాఱలేదు. ఆయన దర్శనమునకు బయలుదేరిన భక్తులు, పుస్తకములు చేతబట్టిన విద్యార్థులు ఒకే ఆవరణలోనికి పోవుచుందురు.

రాజోలికి ఇంత సావకాశము చిక్కలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఊరిని ముంచివేయగా, ఇండ్లు, మగ్గములు, నూలు సమస్తము నీటిపాలైనవి. అయినను నేత యాగలేదు. నడిగడ్డలో నేత ఆగుట దేవునికిని ఒప్పదు కాబోలు! తిరుమల వేంకటేశ్వరునికి బ్రహ్మోత్సవ సమయమున ఏరువాడ జోడు పంచెలు సమర్పించుట గద్వాల సంస్థానాధీశులు పెట్టిన ఆచారము. సంస్థానము పోయినను ఆ యాచారము పోలేదు. గద్వాలలో నేతగాండ్రు కొందఱు 41 దినములు నియమనిష్ఠలతో ఒకే మగ్గముమీద ఆ పంచెలను నేయుదురు. ఒక్కొక్కటి 11 గజముల పొడవు. ఇరువైపుల వెడల్పైన అంచు. ఆ అంచులో నేతగాండ్రు తీర్చు చిత్రమునకు కోటకొమ్మయని పేరు.