పోయిన బంగారు నగ కోసం మెటల్ డిటెక్టర్: ఎంపికలో చూడవలసినవి

సముద్ర స్నానంలో వేలి నుంచి జారిన ఉంగరం, పొలం పనుల్లో తెగిపడిన పుస్తెల తాడు, పెరట్లో ఊడిన చెవిదిద్దు వంటి వాటిని ఇసుకలో, మట్టిలో వెతకడానికి మెటల్ డిటెక్టర్ ఉపకరిస్తుంది. అయితే బంగారాన్ని మాత్రమే గుర్తించే డిటెక్టర్ ఏదీ లేదు. పోయిన నగ ఎలాంటిది, అది ఎలాంటి నేలలో పడింది అనే రెండు అంశాలను బట్టే పరికరాన్ని ఎంచుకోవాలి.

అంకె చెప్పేదేమిటి?

డిటెక్టర్ అడుగున ఉండే కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దాని ప్రభావంతో లోహంలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రతిస్పందనను పరికరం ధ్వనిగా, తెరపై అంకెగా చూపుతుంది. ఆ అంకె లోహం పేరు చెప్పదు. వస్తువు విద్యుత్ వాహకత, పరిమాణం, ఆకారం కలిసి ఇచ్చే ఫలితమది. చిన్న బంగారు ఉంగరానికి వచ్చే అంకె తరచూ మందుబిళ్లల అట్ట రేకుకో, కూల్‌డ్రింక్ టిన్ను రింగుకో వచ్చే అంకెకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల చెత్త ధ్వనులను అణచే ‘డిస్క్రిమినేషన్’ అమరికను ఎక్కువగా పెంచితే, అల్యూమినియంతో పాటు బంగారమూ వినిపించకుండా పోతుంది. ఇనుమును మాత్రమే తోసిపుచ్చి, మిగిలిన ప్రతి ధ్వని వద్దా తవ్వి చూడడం మేలు.

నగ ఆకారం

పూర్తి వలయంగా ఉన్న ఉంగరం, గాజు స్పష్టమైన ధ్వనినిస్తాయి. వలయం తెగితే స్పందన తగ్గుతుంది. సన్నని గొలుసును పరికరం ఒకే వస్తువుగా కాక విడివిడి కొక్కేలుగా గ్రహిస్తుంది కనుక దానిని పట్టుకోవడం కష్టం. పుస్తెల తాడు విషయంలో గొలుసు కంటే పుస్తెలే ముందుగా దొరికే అవకాశం ఎక్కువ. పసుపు తాడు, గాజుతో చేసిన నల్లపూసలు ధ్వనినివ్వవు. ఉంగరాలకు సాధారణ డిటెక్టర్ సరిపోవచ్చు. దిద్దులు, సన్నని గొలుసులకైతే సుమారు 20 కిలోహెర్ట్జ్, అంతకు మించిన పౌనఃపున్యంపై పనిచేసేవి మెరుగు.

నేల స్వభావం

పొడి నేలపై ఒకే పౌనఃపున్యంతో పనిచేసే వీఎల్ఎఫ్ రకం చాలు. సముద్రపు తడి ఇసుకలో ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి అది తప్పుడు ధ్వనులిస్తుంది. అక్కడ బహుళ పౌనఃపున్య పరికరం గానీ, పల్స్ ఇండక్షన్ రకం గానీ అవసరం. రెండో రకం ఉప్పును, ఖనిజాలను తట్టుకున్నా, ఇనుప ముక్కలను నమ్మకంగా వేరు చేయలేదు. భీమునిపట్నం తీరంలా నల్లని ఖనిజ ఇసుక ఉన్నచోట, నేల ప్రభావాన్ని సరిచేసే ‘గ్రౌండ్ బ్యాలెన్స్’ అమరిక తప్పనిసరి. నదీ ఘాట్ల వద్ద ఉప్పు సమస్య లేకున్నా, భక్తులు వేసిన నాణేల ధ్వనులు కలగలుస్తాయి. ఇలాంటిచోట 6 అంగుళాల చిన్న కాయిల్, విశాలమైన తీరంలో 10-11 అంగుళాల కాయిల్ అనుకూలం. నీటిలో వెతకాలంటే కాయిల్‌తో పాటు నియంత్రణ పెట్టె కూడా తడిని తట్టుకునేదై ఉండాలి.

మోసపు ప్రకటనలు

సాధారణ డిటెక్టర్లు నాణెమంత వస్తువును సుమారు జానెడు లోతు వరకు గుర్తిస్తాయి. సన్నని నగ విషయంలో ఆ లోతు ఇంకా తక్కువ. ఉంగరాన్ని మీటర్ల లోతున పసిగడతామనే ప్రకటనలను, బంగారం వైపు తిరుగుతుందని చెప్పే యాంటెనా పరికరాలను నమ్మరాదు. ఇదే తరహా యాంటెనా గల ఏడీఈ-651ను బాంబు శోధకంగా ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో లండన్ న్యాయస్థానం పదేళ్ల జైలు శిక్ష విధించింది.

కొనే ముందు పరీక్ష

పోయిన నగను పోలిన మరో నగను దారానికి కట్టి, అలాంటి నేలలోనే నాలుగైదు అంగుళాల లోతున పాతి పరీక్షించాలి. ధ్వని రాకపోతే ఆ పరికరం పనికిరానట్లే. ఒక్క నగ కోసమే అయితే కొనడం కంటే అద్దెకు తీసుకోవడం పొదుపు. వెతికే స్థలాన్ని తాళ్లతో వరుసలుగా విభజించి, కాయిల్‌ను నేలకు దగ్గరగా, నెమ్మదిగా, ఒక ఊపు మీద మరొకటి కొంత పడేలా కదపాలి. తవ్విన మట్టిలో వెతకడానికి చేతిలో ఇమిడే ‘పిన్‌పాయింటర్’ సమయాన్ని ఆదా చేస్తుంది.

చట్టం ఏమంటోంది?

ఇతరుల వస్తువు దొరికి, దానిని స్వాధీనంలోకి తీసుకున్నవారికి దాన్ని భద్రపరిచే బాధ్యత ఉంటుందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ చెబుతోంది. యజమాని నిర్దిష్ట బహుమతి ప్రకటించి ఉంటే దానిని కోరే హక్కును 168వ సెక్షన్ కల్పిస్తోంది. భూమిలో దాగి ఉన్న, 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. రక్షిత పురావస్తు ప్రదేశాల్లో అనుమతి లేకుండా తవ్వడాన్ని 1958 నాటి చట్టం నిషేధిస్తోంది. సొంత నగ పోయినా సరే, అలాంటి చోట తవ్వే ముందు అధికారుల అనుమతి తీసుకోవలసిందే.