నేలపట్టు - పులికాట్ కాలినడక పర్యటన

నేలపట్టు, పులికాట్ సరస్సు ఆంధ్ర ప్రదేశ్ దక్షిణ తీరములోని పక్షుల ఆవాసములు. అడవిని, చెరువును, ఉప్పునీటి సరస్సును ఒకే యాత్రలో చూడగోరే బృందాలకు ఇవి అనువైనవి. పూర్వము నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలో చేరినది.

నేలపట్టు

దొరవారిసత్రం మండలములోని ఈ పక్షుల రక్షిత కేంద్రము వైశాల్యము సుమారు 459 హెక్టార్లు. చెరువులో నీటి కడప చెట్లు, గట్టున పాల మొదలగు చెట్లతో కూడిన మెట్ట అడవి ఉన్నవి. ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువు నిండిన తరువాత గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఇక్కడ గూళ్ళు కట్టుకొంటాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనిచేయును. అందువలన గ్రామస్థులు తరతరాలుగా పక్షులను కాపాడుతున్నారు.

పులికాట్ సరస్సు

దీనిని ప్రళయ కావేరి అని కూడా అంటారు. ఇది భారతదేశములో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతము నుండి వేరు చేయుచున్నది. శీతాకాలములో రాజహంసలను (ఫ్లెమింగోలను) సూళ్ళూరుపేట - శ్రీహరికోట రహదారి నుండే చూడవచ్చును. తడ మండలములోని భీమునివారిపాళెం రేవు నుండి ఇరకం దీవికి పడవలు వెళ్ళును. శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రము ఉన్నందున అక్కడి అడవులలో అనుమతి లేనిదే ప్రవేశము లేదు.

సమస్యలు

సముద్రముతో కలిపే ముఖద్వారములు ఇసుకతో పూడిపోయినపుడు సరస్సులోనికి సముద్రపు నీరు, చేపలు, రొయ్యలు రావడము తగ్గును. దీనివలన జాలరుల జీవనోపాధి, పక్షుల ఆహారము రెండూ దెబ్బతినును. వానలు చాలని సంవత్సరాలలో నేలపట్టు చెరువు ఎండి, గూళ్ళ సంఖ్య పడిపోవును.

పర్యాటకులకు సూచనలు

* అక్టోబరు - మార్చి నెలలు అనుకూలము. ఉదయము, సాయంత్రము పక్షులు బాగా కనిపించును.
* చిన్న బృందములుగా, నిశ్శబ్దముగా నడవవలెను. మనుషులు దగ్గరకు వచ్చినచో తల్లిపక్షులు గూడు విడిచి లేచిపోవును. అప్పుడు గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు గురియగును.
* సరస్సు లోతు తక్కువే అయినా అడుగున బురద ఉండును. కావున స్థానికుల తోడు లేకుండా నీటిలో దిగరాదు.
* త్రాగునీరు వెంట తీసుకొనిపోవలెను. చెత్తను తిరిగి తెచ్చుకొనవలెను.

చేరుకొను మార్గము

సూళ్ళూరుపేట చెన్నై - గూడూరు రైలు మార్గములోను, జాతీయ రహదారి పైన ఉన్నది. ఇక్కడి నుండి నేలపట్టు సుమారు 20 కిలోమీటర్లు.