ఒంటరి దోనె, ఉమ్మడి తీరం

జంషెడ్‌పూర్ నగరపు తూర్పు భాగంలో ఉన్న సిద్ధగోరా నుంచి సువర్ణరేఖ నది ఎంతో దూరం కాదు. రాంచీ సమీపాన పుట్టిన ఈ నది హుండ్రు వద్ద 98 మీటర్ల ఎత్తు నుంచి దుమికి, దోముహానీ వద్ద ఖర్కాయి నదిని తనలో కలుపుకొని, నగరాన్ని ఒరసికొంటూ ఘాట్‌శిల వైపు సాగుతుంది. అటుపై పశ్చిమ బెంగాల్ అంచును తాకి, ఒడిశాలోని బాలాసోర్ జిల్లా మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇసుకను కడిగి బంగారు రేణువులు ఏరుకొనే కుటుంబాలు దీని గట్ల వెంట తరతరాలుగా ఉన్నాయి. నది పేరు ఆ బంగారాన్నే తలపిస్తుంది.

చిన్న దోనె వేసుకొని ఇక్కడి నుంచి సముద్రం దాకా పోగలమా అనే ప్రశ్న గట్టున నిలిచిన వారికి ఎప్పుడో ఒకప్పుడు కలుగక మానదు. వర్షకాలంలో ఇది బురద వరద. వేసవిలో రాళ్ల నడుమ పారే సన్నని పాయ. ఎగువన గేతల్‌సూద్, చాండిల్ ఆనకట్టలు, దిగువన గాలూడీహ్ బ్యారేజి దీని నడకను అదుపు చేస్తున్నాయి. 17వ శతాబ్దంలో పోర్చుగీసు, డచ్చి, ఆంగ్ల వర్తకులు వ్యాపారం సాగించిన పిప్లి రేవు ఈ నది ముఖద్వారం వద్దనే ఉండేది. ఇసుక మేటలు వేయడంతో ఆ రేవు ప్రాభవం నశించింది. మొత్తం మీద సువర్ణరేఖ దూరప్రయాణాలకు అనువైన జలమార్గం కాదు.

అయితే ఈ నది కలిసే సముద్రతీరం వెంట 1935–36 ప్రాంతంలో ఒక ఒంటరి దోనె ప్రయాణం సాగింది. ఐరోపాలో ఒక నదిపై మొదలై, ఏడు సంవత్సరాల పైచిలుకు కాలంలో సుమారు 50,000 కిలోమీటర్లు గడిచి, ఆస్ట్రేలియా అంచున ముగిసిన ఆ యాత్రను చేసినవాడు ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ యువకుడు. తెలుగువారి వలసల చరిత్రతో పక్కపక్కన ఉంచి చదివితే ఆ యాత్ర మనకు కొత్త అర్థాన్నిస్తుంది.

ఒంటరిగా చిన్న దోనెలో నదీయాత్ర చేయడం ఆధునిక ఐరోపాలో ఒక వేడుకగా ప్రారంభమైంది. స్కాట్లండుకు చెందిన న్యాయవాది జాన్ మాక్‌గ్రెగర్ 1865లో ‘రాబ్ రాయ్’ అనే పేరుగల పదిహేను అడుగుల దోనెలో థేమ్స్, రైన్, డాన్యూబ్ మొదలైన నదులపై విహరించి, మరుసటి సంవత్సరం తన అనుభవాలను గ్రంథంగా ప్రకటించాడు. తీరిక గలవాడు, ధనానికి కొరత లేనివాడు. ఊరు చేరగానే జనం గుంపులుగా వచ్చి చూసేవారు. నది కరువైన చోట దోనె బండి మీదనో రైలు మీదనో ప్రయాణం చేసేది. డాన్యూబ్ నదిపై ఆయన ప్రయాణం జర్మనీలోని ఉల్మ్ పట్టణం వద్ద ముగిసింది.

తరువాత నలభై ఏళ్లకు ఈ వేడుక సామాన్యులకు కూడా అందుబాటులోకి వచ్చింది. ఆల్ఫ్రెడ్ హాయ్‌రిష్ అనే విద్యార్థి 1905లో మడత పెట్టగల దోనెను రూపొందించాడు. కర్రల చట్రం మీద నీరు చొరబడని గుడ్డను బిగించడమే అందులోని మర్మం. విప్పి సంచుల్లో సర్దుకొంటే రైలు పెట్టెలో పట్టేది. 1907లో ఆ హక్కులు కొన్న యోహాన్ క్లెప్పర్ దానిని విరివిగా తయారు చేయడంతో, సెలవు దినాలలో నదులకు పోయే జర్మన్ యువజనానికి మడత దోనె ప్రియమైన వస్తువైంది.

1907లోనే జన్మించిన స్పెక్ హాంబర్గ్ ప్రాంతంలో విద్యుత్ పనుల గుత్తేదారు. ప్రపంచాన్ని కమ్ముకొన్న ఆర్థిక మాంద్యం ఆయన వ్యాపారాన్ని మింగివేసింది. సైప్రస్ ద్వీపంలోని రాగి గనులలో పని దొరకవచ్చునన్న ఆశతో 1932 మే నెలలో తన మడత దోనెను రైలులో వేసుకొని ఉల్మ్ చేరాడు. మాక్‌గ్రెగర్ డాన్యూబ్‌ను విడిచిన ఊరి నుంచే ఈ నిరుద్యోగి బయలుదేరడం యాదృచ్ఛికమే. కాని, ఒకే నది ఒక తరంలో విహారానికి, మరొక తరంలో బతుకుతెరువుకు దారి కావడం గమనింపదగినది. రాగి గనుల పని సింగ్‌భూం వాసులకు కొత్త కాదు. అదే కాలంలో సువర్ణరేఖ దిగువన ఘాట్‌శిల, మోసాబని ప్రాంతాలలో రాగి తవ్వకం, శుద్ధి సాగుతూ ఉండేవి.

స్పెక్ దోనె ఇద్దరు కూర్చొనేది. రెండవ వ్యక్తి స్థానంలో మంచినీరు, పటాలు, దిక్సూచి, కెమెరాలు, బట్టలు సర్దుకొన్నాడు. చిన్న తెరచాప ఒకటి ఉండేది. ఆయనకు ఈత రాదు. డాన్యూబ్ మీదుగా ఆస్ట్రియా, హంగరీ దాటి, తరువాత దారి మార్చి వర్దార్ నది గుండా ఏజియన్ సముద్రంలోకి దిగాడు. గ్రీకు దీవులు, టర్కీ తీరం గడచి సైప్రస్ చేరేసరికి గనుల పని మీద మనసు పోయి, యాత్రే పనిగా మారింది. సిరియా తీరం నుంచి బస్సులో యూఫ్రటీస్ నది చేరి, ఆ నదిపై పర్షియా అఖాతం దాకా సాగాడు. మలేరియా ఆయనను మళ్లీ మళ్లీ పడగొట్టింది. దోనె శిథిలమైనప్పుడల్లా జర్మనీలోని తయారీదారులు కొత్తది పంపేవారు.

కరాచీ మీదుగా పడమటి తీరం వెంట దిగి 1935లో సింహళం చేరిన స్పెక్, అక్కడి నుంచి మద్రాసు, కలకత్తాల దిశగా తూర్పు తీరం పట్టాడు. కృష్ణా, గోదావరి ముఖద్వారాలు, విశాఖపట్నం, కళింగపట్నం, చివరకు సువర్ణరేఖ సాగర సంగమం ఈ దారిలోనివే. ఈ తీరంలో దోనె నడిపేవాడికి పెద్ద గండం నడి సముద్రం కాదు, ఒడ్డు. విరుచుకుపడే కెరటాల వరుసను దాటి ఇసుక మీదికి రావడమే కష్టం. మన బెస్తవారు ఆ సమస్యను ఏనాడో పరిష్కరించారు. మేకులు కొట్టకుండా పలకలను తాళ్లతో కుట్టిన మసూలా పడవ కెరటం తాకిడికి విరగక వంగుతుంది. దుంగలను జోడించి కట్టిన తెప్పలో నీరు నిలువదు. కర్ర చట్రంపై గుడ్డ బిగించిన జర్మన్ దోనె బలం కూడా వంగడంలోనే ఉంది. వేరు వేరు దేశాల పనివారు ఒకే సూత్రానికి చేరుకొన్నారు.

స్పెక్ కలకత్తా దాటి బర్మా తీరం పట్టాడు. సరిగా ఇక్కడే తెలుగువారి కథ ఆయన దారిని కలుస్తుంది. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి తెలుగు కూలీలు ఓడల మీద రంగూన్ వెళ్లడం అప్పటికే తరాలనాటి మాట. కోరంగి రేవు పేరును బట్టి అక్కడ వారిని కోరంగీలని పిలిచేవారు. బియ్యపు మిల్లులలో, రేవులో బరువులు మోసింది వారే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె అనంతరం చెలరేగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 1937లో బర్మా భారతదేశం నుంచి వేరుపడింది. 1941 డిసెంబరులో జపాను బాంబుల వర్షం కురిసిన తరువాత లక్షలాది భారతీయులు అడవుల గుండా కాలినడకన స్వదేశానికి మళ్లారు. దారిలో రాలిపోయిన వారి పేర్లు ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేవు.

తెలుగువారి మరొక ప్రవాహం ఇనుప పట్టాల మీద సాగింది. టాటా ఇనుము, ఉక్కు కర్మాగారం 1907లో సంస్థగా ఏర్పడి, సాక్చీ గ్రామ పరిసరాలలో నిర్మాణం పూర్తిచేసుకొని, 1912లో తొలి ఉక్కును అందించింది. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయింది. కాలిమాటి స్టేషను టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు శ్రామికులు ఖరగ్‌పూర్ మీదుగా రైలులో ఇక్కడికి వచ్చారు. ఆ రైలు మార్గం సముద్రతీరానికి ఇంచుమించు సమాంతరంగా సాగుతుంది. స్పెక్ తెడ్డు వేసుకొంటూ ఉత్తరానికి సాగిన కాలంలోనే, అదే దిశగా, అదే కారణంతో ఇల్లు విడిచినవారు పట్టాల మీద వెళుతూ ఉండి ఉంటారు. ఉన్న ఊళ్లో పని లేకపోవడమే ఇరువురినీ కదిలించింది.

స్పెక్ యాత్ర ముగింపు కూడా ఆలోచింపజేసేదే. తూర్పు ఇండోనేషియా దీవులలో ఒకచోట ఆయనను కట్టి కొట్టగా కర్ణభేరి పగిలింది. డచ్చి అధికారుల అభ్యంతరం వల్ల న్యూ గినియా ఉత్తర తీరం చుట్టి రావలసి వచ్చింది. 1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియా అధీనంలోని సైబాయ్ దీవి చేరేనాటికి ఐరోపాలో యుద్ధం మొదలయింది. తీరాన ఎదురైన పోలీసులు ముందుగా ఆయనను అభినందించారు. ఆ వెంటనే శత్రుదేశస్థుడిగా నిర్బంధించారు. విడుదల 1946లో గాని కాలేదు. ఏడేళ్లు ఏ సరిహద్దునూ లెక్కపెట్టని దోనె ఒక సరిహద్దు వద్ద ఆగిపోయింది. ఆయన దోనెపై స్వస్తిక పతాకం ఉండేది గనుక అధికారుల అనుమానం నిరాధారం కాదు. అయినా హిట్లర్ అధికారానికి రాకముందే దేశం విడిచిన ఈ మనిషి, తాను వదలి వచ్చిన దేశపు యుద్ధానికి బందీ అయ్యాడు. అనంతరం ఆయన ఆస్ట్రేలియాలోనే స్థిరపడి, ఓపల్ రాళ్ల పనితో జీవించాడు.

స్పెక్ పత్రాలు, ఛాయాచిత్రాలు, యాత్రా సామగ్రి సిడ్నీలోని ఆస్ట్రేలియా జాతీయ సాగర సంగ్రహాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన ఒంటరిగా ఉన్నాడు, రాసుకొన్నాడు, చేతిలో కెమెరా ఉంది. అందుకే ఒక నిరుద్యోగి పని వెదుకులాట ప్రపంచ సాహసాల వరుసలో చేరింది. మన వారు గుంపుగా వెళ్లారు. ఓడ అడుగు అంతస్తులో, రైలు పెట్టెలో పక్కవాడి భుజం మీద తల వాల్చి వెళ్లారు. వారి ప్రయాణం గణాంకాలలో ఒక అంకెగా మిగిలింది. సాహసం తక్కువ కాదు, సాక్ష్యం తక్కువ. భాష తెలియని ఊరిలో దిగి, చిరునామా రాసిన కాగితం ముక్కను ఎవరికో చూపి, కొలిమి వేడిమిలో తొలి దినం గడిపిన వాని ధైర్యం, తెడ్డు పట్టి సముద్రానికి ఎదురొడ్డిన వాని ధైర్యానికి తీసిపోదు.

ఒంటరివాడుగా పేరొందిన స్పెక్ కూడా నిజానికి ఒంటరి కాడు. నీరిచ్చిన పల్లెలు, కెరటాల తీరు చెప్పిన బెస్తవారు, ఆతిథ్యమిచ్చిన గృహస్థులు లేకపోతే దోనె ఏ తీరాన్నీ దాటదు. ఆ చేతుల పేర్లూ మిగలలేదు. పేరు మిగిలిన ప్రతి యాత్ర కిందా పేరు మిగలని జనం ఉంటారు.

సిద్ధగోరాలోనూ, పొరుగు పేటలలోనూ ఉన్న తెలుగు కుటుంబాలలో తాత తండ్రుల రాక గురించి విన్న పెద్దలు ఇంకా ఉన్నారు. ఏ స్టేషనులో రైలెక్కారు, ఏ పెట్టె వెంట తెచ్చారు, మొదటి రాత్రి ఎవరి ఇంట తలదాచుకొన్నారు అనే ముచ్చట్లు వారితోనే ఉన్నాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వంటి వాడలలోనూ ఇటువంటి జ్ఞాపకాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు, సాంస్కృతిక శాఖలు, స్థానిక తెలుగు సంఘాలు పూనుకొని ఆ మాటలను ధ్వనిముద్రణ చేసి, పాత గేటు పాసులను, ఉత్తరాలను, ఛాయాచిత్రాలను సేకరించి ఒకచోట భద్రపరచడం పెద్ద వ్యయంతో కూడిన పని కాదు. ఆలస్యమే దానికి శత్రువు.

సువర్ణరేఖ ఇసుకలో బంగారం కడిగేవారు రోజంతా శ్రమిస్తే దొరికేది కొన్ని రేణువులు మాత్రమే. వరద వచ్చిన తరువాత అదే చోట అవి మళ్లీ దొరుకుతాయన్న హామీ లేదు. పెద్దల జ్ఞాపకాలూ అటువంటివే.