పడకగది సామాను పేర్లు (కరీంనగర్, ఆదిలాబాద్)
ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాడుకలో పడక, దాని అనుబంధ సామానుకు ఉన్న పేర్లు ఇవి. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించగా, ఈ ప్రాంతం ఉత్తర మండలంలోకి వస్తుంది. మంచాన్ని గడంచ అని కూడా అంటారు. అల్లికను బట్టి నులక మంచం, నవారు మంచం. కోస్తాలో దిండు, తలగడ అనేదాన్ని ఇక్కడ మెత్త అంటారు. కప్పుకునేది చెద్దరు; ఉచ్చారణలో శెద్దరు. పాతబట్టలతో కుట్టినది బొంత, గొర్రె ఉన్నితో నేసినది గొంగడి.

1948 వరకు సాగిన నిజాం పాలనలో ఉర్దూ అధికార భాష. చెద్దరు, కుర్సీ (కుర్చీ), అల్మారి (బీరువా) ఉర్దూ మార్గాన వచ్చినవే. వీటిలో అల్మారి మూలం పోర్చుగీసు.