షీట్ ఫిల్ము డీప్ ట్యాంకు డెవలపింగ్

నలుపు తెలుపు షీట్ ఫిల్ములను హ్యాంగర్లలో అమర్చి, లోతైన ట్యాంకులలోని రసాయన ద్రావణాలలో నిలువుగా ముంచి నెగటివులుగా మార్చే విధానాన్ని డీప్ ట్యాంకు డెవలపింగ్ అంటారు. వాడుకలో ఈ పనిని "ఫిల్ము కడగడం" అంటారు. షీట్ ఫిల్ము చుట్టగా కాక విడి రేకులుగా ఉంటుంది. 4×5, 5×7, 8×10 అంగుళాలు దీని ప్రధాన పరిమాణాలు. ఒకేసారి అనేక ఫిల్ములను కడిగే వీలున్నందున స్టూడియోలు, ఆసుపత్రుల ఎక్స్-రే విభాగాలు ఈ విధానాన్ని విరివిగా వాడాయి. ఫిల్ము అంతటా డెవలపరు సమానంగా పనిచేసేలా చూడడమే ఇందులోని ముఖ్య సమస్య. ఒకసారి చార పడిన నెగటివును సరిచేయడం దాదాపు అసాధ్యం.

== పరికరాలు ==
ట్యాంకులను గట్టి రబ్బరు, ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలుతో తయారు చేస్తారు. చిన్నవాటిలో సుమారు 2 లీటర్లు, స్టూడియో ట్యాంకులలో సుమారు 13 లీటర్ల ద్రావణం పడుతుంది. డెవలపరు, స్టాప్ బాత్, ఫిక్సరు, కడిగే నీరు వేర్వేరు ట్యాంకులలో ఉంటాయి. గాలి తగిలి డెవలపరు పాడవకుండా దాని మీద తేలే మూత ఉంచుతారు. వాడకంతో తగ్గిన శక్తిని రీప్లెనిషరు కలిపి నిలబెడతారు.

== అసమానతకు కారణాలు ==
కాంతి సోకిన సిల్వర్ బ్రోమైడును డెవలపరు లోహ రూపమైన వెండిగా మారుస్తుంది. ఈ చర్యలో విడుదలయ్యే బ్రోమైడు డెవలపరు పనిని మందగింపజేస్తుంది. ద్రావణాన్ని కదపకపోతే బ్రోమైడుతో బరువెక్కిన ద్రవం ఫిల్ము వెంట కిందికి జారుతుంది. అది జారిన దారిలో నెగటివుపై పలచని చారలు ఏర్పడతాయి.

అతిగా కదిపినా దోషమే. హ్యాంగరు చట్రపు రంధ్రాల గుండా ద్రవం వేగంగా దూసుకుపోయి, అంచుల వద్ద సాంద్రత పెరుగుతుంది. ఆకాశం, ఖాళీ గోడ వంటి ఒకే ఛాయగల భాగాలలో ఈ రెండు దోషాలూ స్పష్టంగా కనిపిస్తాయి.

== విధానం ==
పాన్‌క్రోమాటిక్ ఫిల్ములకు ఈ పనిని పూర్తి చీకటిలోనే చేయాలి. ఫిల్ము అంచునున్న గాట్లను వేలితో తడిమి ఎమల్షన్ వైపును గుర్తిస్తారు.

# హ్యాంగర్లను ఒకదానికొకటి తగలకుండా, సుమారు అర అంగుళం ఎడంతో అమర్చాలి.
# అన్నింటినీ కలిపి ఆగకుండా ఒకేసారి ముంచాలి. వెంటనే హ్యాంగర్లను ట్యాంకు అంచుకు తట్టి గాలి బుడగలను వదిలించాలి.
# నిమిషానికి ఒకసారి హ్యాంగర్లన్నిటినీ పైకెత్తి, ఒక మూలకు వంచి ద్రావణం కారనిచ్చి, తిరిగి ముంచాలి. వెంటనే మళ్ళీ ఎత్తి రెండవ మూలకు వంచాలి.
# సమయం ముగియగానే స్టాప్ బాత్‌లోకి, ఆపై ఫిక్సరులోకి మార్చి, చివరగా నీటిలో బాగా కడగాలి.

డెవలపరులో ముంచే ముందు కొందరు ఫిల్మును నీటిలో నానబెడతారు. ఎమల్షన్ ముందే తడిసి ఉంటే డెవలపరు సమానంగా ఇంకుతుంది.

== ఉష్ణోగ్రత, సమయం ==
సాధారణ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. వేడి పెరిగితే డెవలపింగ్ సమయం తగ్గుతుంది. సమయం 5 నిమిషాల కంటే తక్కువైతే, ముంచడంలోను, తీయడంలోను కలిగే కొద్ది సెకన్ల తేడా కూడా నెగటివులో కనబడవచ్చు. అందుచేత డెవలపరును పలచన చేసి సమయాన్ని పెంచుతారు. వేసవిలో ట్యాంకు చుట్టూ చల్లని నీటిని ఉంచుతారు. మంచును నేరుగా డెవలపరులో వేస్తే అది పలచబడుతుంది. అధిక వేడికి ఎమల్షన్‌లోని జెలటిన్ మెత్తబడుతుంది కనుక, ఉష్ణదేశాల కోసం సోడియం సల్ఫేటు కలిపిన డెవలపర్లు కూడా తయారయ్యాయి.

== నైట్రోజన్ పద్ధతి ==
పెద్ద ప్రయోగశాలలలో ట్యాంకు అడుగు నుండి నైట్రోజన్ వాయువును నిర్ణీత వ్యవధులలో బుడగలుగా వదిలి ద్రావణాన్ని కదిపేవారు. మామూలు గాలిలోని ఆక్సిజన్ డెవలపరును పాడుచేస్తుంది కాబట్టి దానిని ఇందుకు వాడరు.

== పరీక్ష ==
ఒకే ఛాయగల బూడిదరంగు తలాన్ని ఫోటో తీసి, ఆ ఫిల్మును ఎప్పటిలాగే కడగాలి. డెన్సిటోమీటరుతో మధ్యభాగాన్ని, అంచులను, మూలలను కొలవాలి. అంచులు ఎక్కువ నల్లబడితే కదపడంలోని వేగాన్ని తగ్గించాలి. నిలువు చారలు కనిపిస్తే మరింత తరచుగా కదపాలి. విలువైన ఫిల్ములను కడగడానికి ముందే ఈ పరీక్ష చేసుకోవడం మంచిది.

== ఇవి కూడా చూడండి ==
* ఛాయాచిత్రకళ
* డార్క్ రూమ్