సాంచెల ఊళ్లో కంట్రోల్ ఇంజనీరింగ్ ముచ్చట

కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు దిక్కు నుంచి భివండికి వచ్చిన పద్మశాలి కుటుంబాల చరిత్ర చెప్పేటప్పుడు సాంచెల సంగతి, సేఠ్ల సంగతి, పద్మనగర్ సంగతి తప్పకుండా వస్తాయి. చదువుల సంగతి మాత్రం వెనకబడుతుంది. అందుకే ఈసారి మేము ఒక చదువు గురించే రాస్తున్నాం. దాని పేరు కంట్రోల్ సిస్టమ్స్. పేరు కొత్తగా వినిపించినా ఆ పని మన కార్ఖానాల్లో తరాలుగా జరుగుతున్నదే.

పాత సాంచె మీద పడుగు బీముకు గొలుసో తాడో చుట్టి, మీటకు బరువులు వేలాడదీస్తారు. బీము నిండుగా ఉన్నప్పుడు సరిపోయిన బరువు, బీము తరిగాక ఎక్కువైపోతుంది. పడుగు బిగిసి పోగులు తెగుతాయి. అందుకని నేసేటాయన పడుగును చేత్తో తట్టి చూసి బరువును కొంచెం కొంచెం జరుపుతుంటాడు. బిగువు ఎంతుందో చూడడం, ఎంత ఉండాలో దానితో పోల్చడం, తేడా ఉంటే సవరించడం – ఈ మూడింటినీ కలిపి ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అంటారు. పేక తెగగానే సాంచెను ఆపే ఫోర్కు కూడా ఆ జాతిదే. 1840ల మొదట్లో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో తయారైన లాంకషైర్ సాంచెతో అది వాడుకలోకి వచ్చింది.

సవరించడంలో ఒక చిక్కుంది. ఎక్కువ సవరిస్తే యంత్రం అటూ ఇటూ ఊగిపోతుంది. ఆవిరి యంత్రాల వేగం అదుపులో పెట్టే గవర్నర్లలో ఈ ఊగులాట ఎందుకు వస్తుందో 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లెక్కలతో వివరించాడు. కంట్రోల్ శాస్త్రానికి అదొక పునాది. ఇప్పటి రేపియర్, ఎయిర్‌జెట్ సాంచెల్లో బిగువును సెన్సార్ కొలుస్తుంది, మోటారు బీమును తిప్పుతుంది. ఎంత సవరించాలన్న లెక్క అందులోనూ తప్పదు. లెక్క తప్పితే బట్ట మీద పట్టీలు పడతాయి.

ఈ శాస్త్రంలో ప్రపంచం గుర్తించిన తెలుగువాడు మతుకుమల్లి విద్యాసాగర్. 1947లో గుంటూరులో పుట్టారు. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ పూర్తిచేసి, కెనడాలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. కంట్రోలర్ల రూపకల్పన మీద 1985లో ఆయన రాసిన పుస్తకం పరిశోధకులకు బాగా తెలిసినది. 1989లో తిరిగి వచ్చి, బెంగళూరులో రక్షణ శాఖ వారి కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రాన్ని నడిపారు. 2000లో హైదరాబాదులో టీసీఎస్‌కు మారారు. 2008లో ఐఈఈఈ వారి కంట్రోల్ సిస్టమ్స్ అవార్డు, 2012లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చాయి. ఆయన తండ్రి ఎం. వి. సుబ్బారావు కూడా పేరున్న గణిత ఆచార్యుడే. అంటే ఆయనకు లెక్కలు ఇంట్లోనే ఉన్నాయి. మన ఇళ్లల్లో ఉన్నవి సాంచెలు.

కంట్రోల్ నుంచి నెట్‌వర్కుల దాకా వెళ్లిన ఇంకొకరు పి. ఆర్. కుమార్. 1973లో ఐఐటీ మద్రాసులో బీటెక్ చేసి అమెరికాలో స్థిరపడ్డారు. థామస్ సీడ్‌మన్‌తో కలిసి 1990లో వెలువరించిన పరిశోధన చదివితే మన ఊరి ముచ్చటలాగే ఉంటుంది. ఒక్కో మెషీనుకు పని చేసే తాకత్తు సరిపోయినంత ఉన్నా, ఏ సరుకు ముందు తీసుకోవాలన్న వరుస తప్పితే మెషీన్ల ముందు సరుకు పేరుకుంటూనే పోవచ్చని అందులో చూపించారు. వార్పింగు, సైజింగు, నేత మధ్య బీములు ఎక్కడ ఆగిపోతాయో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 2000లో పీయూష్ గుప్తాతో కలిసి వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద రాసిన పరిశోధన మరీ ప్రసిద్ధం. ఒకరి మాట ఒకరు అందించుకునే రేడియోలు ఒకేచోట నాలుగింతలైతే ఒక్కోదాని వంతు సుమారు సగానికి పడిపోతుందని దాని సారం.

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోనక్కర లేదు. మాటుంగాలోని వీజేటీఐ 1887లో మొదలైనప్పుడు బట్టల మిల్లులకు కావలసిన పనితనం నేర్పడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఇప్పుడక్కడ కంట్రోల్ సిస్టమ్స్‌లో ఎంటెక్ ఉంది. పవైలోని ఐఐటీ బొంబాయిలో ఈ శాస్త్రానికి వేరే విభాగమే ఉంది. రెండూ భివండి నుంచి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఉన్నాయి.

మన ఇళ్లల్లో మాత్రం "ఇంకా ఎన్నేళ్లు చదువుతావ్, సంపాదన ఎప్పుడు?" అనే ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతుంది. ఆ ప్రశ్న తప్పు కాదు. పగలూ రాత్రీ పాళీల మీద నడిచిన ఇళ్లు మనవి. కానీ లెక్క పూర్తిగా చూడాలి. గేట్ రాసి సర్కారీ సంస్థల్లో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. జేఆర్‌ఎఫ్ వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. సీటు, ఫెలోషిప్పు రావాలంటే పోటీ గట్టిదే, లెక్కలు బాగా రావాల్సిందే.

పాత సాంచెలు తుక్కుకు పోతుంటే వాటితో పాటు చేతిలోని తెలివి కూడా పోతున్నది. కొత్త సాంచె పాడైతే బయటి నుంచి మెకానిక్‌ను పిలిపించాల్సి వస్తున్నది. ఆ మెషీనును డిజైన్ చేసే చోట మన పిల్లలు ఉండాలని మా ఆశ. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లల్లో ఈ చదువు పేరు ఒకసారి చెప్పండి. సెలవు రోజున తాతను అడిగి, బీము బరువు ఎందుకు జరుపుతారో వాళ్లకు చూపించండి.